బిల్లు రెట్టింపైంది, కారు గ్యారేజీలోనే ఉంది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నేను ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఉంటాను. ముచ్చటపడి 1971 నాటి లోటస్ ఎలాన్ అనే స్పోర్ట్స్ కారు కొన్నాను. ఫైబర్‌గ్లాస్ బాడీ మీది బీటలు సరిచేసి కొత్త రంగు వేయడానికి 9,500 పౌండ్లు అవుతుందని ఒక గ్యారేజీవారు ఈమెయిల్‌లో అంచనా ఇచ్చారు. క్రెడిట్ కార్డు మీద 3,000 అడ్వాన్సు కట్టాను. మధ్యలో వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి, చాసీ తుప్పు పట్టింది, మార్చాలి అన్నారు. ‘సరే, చూడండి’ అన్నాను. ధర మాట రాలేదు. ఇప్పుడు చాసీకి 7,200, కారు నిలిపి ఉంచినందుకు రోజుకు 15 చొప్పున 40 రోజులకు 600 వేసి, అడ్వాన్సు పోను 14,300 కడితేనే కారు ఇస్తామంటున్నారు. లేకపోతే అమ్మేస్తారట. వెళ్లి చూస్తే బానెట్ మీద రంగు అప్పుడే సన్నగా పొక్కింది. కట్టాలా, కోర్టుకు వెళ్లాలా? చాసీ మారినా ఇది 1971 కారుగానే చెల్లుతుందా? రిటైరయ్యాక విజయవాడకు తీసుకుపోవాలని కోరిక.

జవాబు: ముందు అమ్మకం బెదిరింపు సంగతి చూద్దాం. అది మీరు భయపడినంత సులభం కాదు. యజమాని తీసుకుపోని వస్తువును అమ్ముకునే హక్కు 1977 నాటి చట్టం ఒకటి ఇస్తుంది, నిజమే. కానీ బాకీ ఉన్నప్పుడు అమ్మకానికి కనీసం 3 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పైగా బిల్లు మీద మీకు అభ్యంతరం ఉందని వాళ్లకు తెలిశాక, ఆ వివాదం తేలేదాకా ఆ నోటీసే ఇవ్వకూడదు. కాబట్టి ఈ రోజే ఈమెయిల్ పంపండి: ఏ పద్దు ఒప్పుకుంటున్నారు, ఏది ఒప్పుకోవడం లేదు, ఎందుకు. ఫోనులో అరిచి పెట్టేస్తే రేపు దానికి సాక్ష్యం ఉండదు.

ఇక కారు పట్టి ఉంచుకోవడం. బాగుచేసినవాడికి కూలి ముట్టేదాకా వస్తువును తన దగ్గరే ఉంచుకునే హక్కు ఇంగ్లండులో ఉంది. లాయర్లు దాన్ని లీన్ అంటారు. మనకు ఎంత కోపం వచ్చినా ఆ హక్కు గట్టిదే. అందుకే తాళం విరిచి కారు తెచ్చుకోమని చెప్పే స్నేహితుల మాట వినకండి. అయితే బాకీ కోసం పట్టి ఉంచినవాడు ఆ పట్టి ఉంచినందుకు అద్దె అడగకూడదని 1860లోనే ఒక ఓడ మరమ్మతు కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మీరు సంతకం చేసిన షరతుల్లో నిల్వ రుసుము లేకపోతే ఆ 600 పౌండ్లు నిలబడవు. మీ పాత ఈమెయిళ్ల అడుగున చిన్న అక్షరాలు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి.

చాసీ దగ్గర మీ చెయ్యి కొంత బలహీనం. ‘సరే, చూడండి’ అంటే పరిశీలించమన్నారా, మార్చమన్నారా? వాళ్లు రెండోదే అంటారు, జడ్జి నమ్మినా ఆశ్చర్యం లేదు. కానీ ధర అనుకోలేదు గనుక 2015 నాటి వినియోగదారు హక్కుల చట్టం ప్రకారం సమంజసమైన ధరే ఇవ్వాలి. మరో రెండు లోటస్ నిపుణుల దగ్గర అదే పనికి రాతపూర్వకంగా ధర అడగండి. 7,200 ఆ దరిదాపుల్లో ఉంటే ఈ పద్దు మీద పోట్లాట వద్దు. పని కూడా అవసరమైనదే అయి ఉండవచ్చు. ఎలాన్‌కు బాడీ ఫైబర్‌గ్లాసే అయినా, లోపల బరువు మోసేది నడుమున సాగే ఉక్కు చాసీ. దాని ముందరి అడ్డ భాగాన్నే హెడ్‌లైట్లు పైకి లేపే వాక్యూమ్‌కు తొట్టిగా వాడారు. అక్కడ నీరు పోయే రంధ్రాలు పూడుకుపోతే ఉక్కు లోపలి నుంచే తినేస్తుంది, పైకి కనిపించదు.

అసలు కేసు రంగులో ఉంది. చట్టం గ్యారేజీ నుంచి ఆశించేది అద్భుతం కాదు, సమంజసమైన శ్రద్ధ, నైపుణ్యం. ‘యాభై ఏళ్ల ఫైబర్‌గ్లాస్, మేమేం చేస్తాం’ అని వాళ్లు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ పాత ఫైబర్‌గ్లాస్ తేమ పట్టి ఉంటుందని ఈ పని తెలిసిన ప్రతివాడికీ తెలుసు. రంగు తీశాక బాడీని బాగా ఆరనివ్వాలి. ఇనుప కార్లకు వాడే స్ట్రిప్పర్ (రంగు ఊడదీసే రసాయనం) పూస్తే అది జెల్‌కోటును, అంటే ఫైబర్‌గ్లాస్ పైపొరను, దాని కింద గాజు పోగులను పట్టి ఉంచే రెసిన్‌ను కూడా తినేస్తుంది. నక్షత్రంలా విచ్చుకున్న బీటను గాడి తీసి, వెనక నుంచి మ్యాట్ (గాజు పోగుల చాప), రెసిన్ వేసి కట్టాలి. పైన పుట్టీ రాసి పాలిష్ పెడితే కొన్నాళ్లకు అదే బీట అదే చోట మళ్లీ తేలుతుంది. ఇందులో వాళ్లు ఏది చేశారు, ఏది ఎగ్గొట్టారు అన్నదే మీ కేసు. నిరూపించే బాధ్యత మాత్రం మీదే.

అందుకని ఆ బానెట్‌ను ఇంకెవరితోనూ ముట్టించకండి. ఇంకో గ్యారేజీ గీకి మళ్లీ రంగు వేసిన క్షణాన మీ సాక్ష్యం దుమ్మయి పోతుంది. ముందు పొక్కుల ఫొటోలు పక్క నుంచి వెలుతురు పడేలా, తేదీతో తీయండి. వాళ్లతో సంబంధం లేని నిపుణుడి చేత తేమ కొలిపించి నివేదిక రాయించండి. బాడీ అడుగువైపు నుంచి బీటల వెనక కొత్త మ్యాట్ ఉందో లేదో చూడమనండి. ఆ ఒక్క చూపుతో సగం తేలిపోతుంది. తరువాత అదే పనిని తమ ఖర్చుతో సరిగా చేయమని గ్యారేజీకి రాయండి. చట్టం ముందుగా ఇచ్చే పరిహారం అది. సమంజసమైన గడువులో చేయకపోతే ధర తగ్గించమనవచ్చు.

కారును ఎలా బయటికి తేవాలి? రెండు దారులు. న్యాయంగా రావలసిన మొత్తం మీరు ఇవ్వబోతే వాళ్లు కాదంటే లీన్ అక్కడితో పోతుంది, కానీ ఆ మొత్తం ఎంతో మీరే సరిగా లెక్కగట్టాలి. ఒక పౌండు తక్కువైనా వాదన వాళ్ల చేతికి వెళుతుంది. నేనైతే రెండోది చేస్తాను: డబ్బు చేతిలో ఉంటే, ‘కారు విడిపించుకోవడానికి మాత్రమే, అభ్యంతరంతో కడుతున్నాను, తిరిగి రాబట్టుకునే హక్కు ఉంచుకుంటున్నాను’ అని ముందే రాసి మొత్తం కట్టి కారు తెచ్చుకోండి. ఆ వాక్యం లేకుండా కడితే బిల్లు ఒప్పుకున్నారంటారు. ఆ తరువాత రంగు నష్టం, నిల్వ రుసుము కలిపి 10,000 పౌండ్లు మించకపోతే స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల దావాల కింద కోర్టులో వేయవచ్చు. లాయరు లేకుండా నడుస్తుంది. నిపుణుడి నివేదికకు కోర్టు అనుమతి కావాలి, ఆ ఖర్చులో తిరిగి వచ్చేది 750 పౌండ్లకు మించదు. గడువు 6 ఏళ్లు ఉంది కానీ అంతదాకా ఆగకండి. అడ్వాన్సు కార్డు మీద కట్టారు గదా, అది మీరు గమనించని ఆస్తి. ధర 100 పౌండ్లు దాటి 30,000 మించకపోతే 1974 నాటి వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థ కూడా గ్యారేజీతో సమానంగా బాధ్యత వహించాలి. వాళ్లకూ ఒక కాపీ పంపండి. ఇదంతా ఇంగ్లండు, వేల్స్ సంగతి. స్కాట్లండు దారి వేరు.

చాసీ విషయంలో నిశ్చింతగా ఉండండి. పాత నమూనాలోనే చాసీ మార్చితే దాన్ని పెద్ద మార్పుగా లెక్కించరు. కారుకు 40 ఏళ్లు దాటాయి గనుక చారిత్రక వాహనంగా ఎంఓటీ (ఏటా చేయించే వాహన తనిఖీ) మినహాయింపు నిలుస్తుంది. ఉన్నది ఉన్నట్టు బాగుచేసిన కారు విషయం అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏకు చెప్పనక్కర్లేదని 2025 ఆగస్టు నుంచి నిబంధన కూడా వచ్చింది.

విజయవాడ కోరిక మాత్రం కొంచెం మెలికలతో ఉంది. దిగుమతి సుంకం సంగతి అటుంచి, మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన కార్లకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు. కాకపోతే చాసీలో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులు చేసి ఉండకూడదు, అసలు రూపంలోనే ఉండాలి అన్నది షరతు. రోజూ ఆఫీసుకు తిప్పుకునే కారుగానూ వాడకూడదు. కొత్త చాసీ చూసి మన అధికారి అడ్డం తిరగవచ్చు. అది అదే నమూనా అని చూపే బిల్లు, పాతదాని ఫొటోలు, చాసీ నంబరు ఉన్న ప్లేటు ఫొటో గ్యారేజీ నుంచి ఇప్పుడే రాబట్టండి. పాత చాసీ ఇంకా వాళ్ల పెరట్లో పడి ఉంటే అడగండి, అది మీ సొత్తే. ఇప్పటికే తుక్కుకు అమ్మేసి ఉంటే ఆ డబ్బు కూడా లెక్కలో కలపండి.