పాప వయసుతో మొదలుపెట్టండి

మొన్న సంక్రాంతికి కావలి వెళ్తే మా అన్న కొడుకు పట్టుకున్నాడు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద కుటుంబంతో డల్లాస్ వస్తున్నాడు. కూతురు పదో తరగతి. "బాబాయ్, పాప డాక్టరవుతానంటోంది. అక్కడ ఇంటరయ్యాక ఏ ఎంట్రన్స్ రాయాలి?" అన్నాడు. వాడిది మన లెక్క: ఇంటర్, నీట్, నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ.

అమెరికాలో ముందు నాలుగేళ్ళ డిగ్రీ చెయ్యాలి. అది ఏ సబ్జెక్టయినా సరే, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు మాత్రం ఉండాలి. తర్వాత ఎంక్యాట్ అనే 528 మార్కుల మెడికల్ ఎంట్రన్స్, ఆస్పత్రిలో వాలంటీరు పని, ఇంటర్వ్యూలు. ఇవన్నీ దాటితే మెడికల్ స్కూల్ ఇంకో నాలుగేళ్ళు: సుమారుగా సగం క్లాసుల్లో, సగం వార్డుల్లో. డాక్టరు లైసెన్సు కోసం రాసే స్టెప్ పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కి 2022 నుంచి మార్కుల్లేవు, పాసా ఫెయిలా అంతే. దాంతో టెన్షనంతా స్టెప్ 2 మీదికి పోయింది. చివరి ఏడు మార్చి మూడో శుక్రవారం మ్యాచ్ డే, రెసిడెన్సీ (మన పీజీ లాంటి ఆస్పత్రి శిక్షణ) ఎక్కడో తేలేది ఆరోజే. పిల్లల వైద్యానికి మూడేళ్ళు, జనరల్ సర్జరీకి ఐదు, న్యూరోసర్జరీకి ఏడు. రెసిడెన్సీలో జీతమిస్తారులెండి.

పద్దెనిమిదికి నాలుగు, నాలుగు, మూడు కలపమన్నాను. ఇరవైతొమ్మిది. "మరి దాని పెళ్ళెప్పుడు?" అంది మా వదిన వంటింట్లోంచి.

నా భయం పెళ్ళి గురించి కాదు, వీసా గురించి. పాపకి ఉండేది హెచ్4, అంటే హెచ్1బీవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా. అది ఇరవయ్యొకటి నిండగానే ఆగిపోతుంది, అంటే డిగ్రీ కూడా పూర్తికాకముందే. తర్వాత ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద చదవొచ్చు. కానీ చాలా మెడికల్ స్కూళ్ళు సిటిజన్లనీ గ్రీన్ కార్డున్నవాళ్ళనీ తప్ప తీసుకోవు. తీసుకునేవాటిలోనూ కొన్ని, ఫీజు డబ్బు ముందే చూపించమంటాయి. ప్రభుత్వ లోన్లూ రావు. మనవాళ్ళ గ్రీన్ కార్డు క్యూ ఎంత పొడవో చెప్పక్కర్లేదు.

ఇంకో దారి, నెల్లూరులోనో ఒంగోలులోనో ఎంబీబీఎస్ చేసి, స్టెప్ పరీక్షలు రాసి రెసిడెన్సీకి రావడం. అలా వచ్చేవాళ్ళలో చాలామందికి శిక్షణ కోసమిచ్చే జే1 వీసానే. శిక్షణ అయ్యాక రెండేళ్ళు ఇండియాకి వెళ్ళాలి, లేదా ఆ షరతు నుంచి మినహాయింపు (వెయివర్) తెచ్చుకుని డాక్టర్లు చాలని చోట మూడేళ్ళు పనిచెయ్యాలి. ఏళ్ళు చూస్తే ఇదేమీ ఎక్కువ కాదు. కాకపోతే ఇంటర్ ఇక్కడే బైపీసీ చదవాలి, పాపని మా వదిన దగ్గర వదిలి వెళ్ళాలి. ఇంటర్ అమెరికాలో చదివితే లోకల్ సీటు లెక్క తేడా వస్తుంది.

వాడు పాప వంక చూశాడు. ఏదీ ఇవాళే తేల్చొద్దన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే గ్రీన్ కార్డు ఫైలింగ్ ఎప్పుడు మొదలుపెడతారో కంపెనీని అడిగి, ఆ జవాబు కాగితం మీద రాయించుకోమన్నాను.