వరంగల్‌లో మా వాడ సర్కారు బడి ఖాళీ అవుతోంది, మా చెల్లె అప్పు తెచ్చి కొడుకును ప్రైవేటులో వేయాలా?

మీ చెల్లె భర్త అడ్డా కూలీ, ఆమె మిర్చి ఏరడానికి పోతుంది, వాడ బడిలో పిల్లలు సగమయ్యారని భయపడి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కొడుకును ప్రైవేటులో ఒకటో తరగతిలో వేస్తానంటోంది అని రాశారు. నేను వరంగల్‌లోనే ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. పన్నెండేళ్ళుగా ఇలాంటి ఇళ్ళ పిల్లలకే చదువు చెప్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బడి ఎందుకు ఖాళీ అవుతుందో చెప్తాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది పిల్లల దాకా ఇద్దరే టీచర్లు. తరగతులేమో 5. ఒకరు లీవు పెట్టినా, మీటింగ్‌కు పోయినా మిగిలిన ఒక్కరే ఐదు తరగతులనూ చూసుకోవాలి. 2024 నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వేకు ఎస్జీటీలను, అంటే ప్రైమరీ టీచర్లను, వేసినప్పుడైతే మూడు వారాలు ప్రైమరీ బడులు ఒంటిపూటే నడిచాయి. పిల్లలు ఇంకా తగ్గితే సర్దుబాటు అని ఒక టీచర్‌ను వేరే బడికి పంపుతారు. ఆ సంగతి వాడలో తెలియగానే ఇంకో నలుగురు వచ్చి టీసీ అడుగుతారు. పని ఎగ్గొట్టే టీచర్లు మాలోనూ ఉన్నారు, కాదనను. కానీ నేను చూసినంతలో బడిని ఎక్కువగా దెబ్బతీసింది ఈ సుడిగుండమే. 2017 నోటిఫికేషన్ టీచర్ల తర్వాత మళ్ళీ కొత్తవాళ్ళు బడుల్లో అడుగుపెట్టింది 2024 అక్టోబర్‌లో. మధ్యలో రిటైరైన వాళ్ళ కుర్చీలు అన్నాళ్ళూ ఖాళీగానే ఉన్నాయి.

ఇక పేదరికం. మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో మొదలైన మిల్లు అది. నెల జీతం కాబట్టి మా నాన్న, మేనత్తలు ఒక్కరోజు కూడా బడి మానలేదు. మిల్లు మూతపడ్డాక చుట్టుపక్కల వాడల్లో నెల జీతం పోయి రోజు కూలీ మిగిలింది. రోజు కూలీ ఇంట్లో పనికిపోని రోజు పొయ్యి వెలగదు. అక్కడే పిల్లల చదువు తెగిపోతుంది.

నాలుగేళ్ళ కిందటి మాట. సంక్రాంతి దాటాక ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి జోరుగా వస్తుంది కదా, అప్పటినుంచి నాలుగో తరగతి పాప ఒకతి వారంలో రెండు మూడు రోజులు బడికి రావడం మానేసింది. ఒక పొద్దున వచ్చి కూర్చుని లెక్క తప్పైతే రబ్బరుతో తుడిచి, అదే చేత్తో కన్ను నలుపుకుంది. ఒక్కసారిగా ఏడుపు. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. రాత్రి దాకా అమ్మ పక్కన కూర్చుని మిర్చి తొడిమలు తీసిందట. వంట చేసే అక్క కొబ్బరినూనె తెచ్చి చేతులకు రాసింది. పెన్సిల్ పట్టుకోలేకపోతే ఆ పూట నోటి లెక్కలే చెప్పించాను.

సాయంత్రం వాళ్ళ ఇంటికి పోయాను. కోప్పడాలనే పోయాను, నిజం చెప్పాలంటే. వాళ్ళమ్మ ఒక్కటే మాట అంది: "చిన్నోణ్ణి ఎవరు చూస్తరు సార్? వాడి కోసమే దీన్ని వెంట తీసుకపోతున్న." పాప పోయేది తమ్ముణ్ణి పట్టుకోవడానికి. వాడు నిద్రపోతే ఖాళీగా ఎందుకని తొడిమలు తీసేది. వాడికి మూడేళ్ళు నిండాయి, అంగన్‌వాడీ మా బడి ఆవరణలోనే ఉంది. ఆ విషయం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మర్నాటి నుంచి పాప తమ్ముడి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ సీజన్‌లో మళ్ళీ ఒక్కరోజే మానింది, అదీ జ్వరమొచ్చి. గురుకులం సీటు రాలేదు. ఇప్పుడు హైస్కూల్లో 8లో ఉంది, ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్షకు చదువుతోంది. అందులో ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రైవేటు పిల్లలకు ఆ స్కాలర్‌షిప్ లేదు. బాసర ట్రిపుల్ ఐటీలో కూడా సర్కారు బడి పిల్లలకు అదనంగా స్కోర్ కలుపుతారు. ఇవి మీ చెల్లెకు చెప్పండి, ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు.

ప్రైవేటులో లాభం లేదని అనను. ఫీజు కట్టామన్న పట్టుదలతో తల్లిదండ్రులు పిల్లాణ్ణి ఒక్కరోజు కూడా మాననివ్వరు, అది పెద్ద సంగతే. కానీ ఫీజు బాకీ పడి పరీక్షప్పుడు బయట నిలబెట్టిన పిల్లలు ఏటా జనవరిలో మా దగ్గరికే వస్తారు. ఏబీసీడీలు గడగడా చెప్తారు, "వంకాయ" చదవమంటే ఆగిపోతారు. ఆ సమయంలో వాళ్ళ ముఖంలో కనబడే టెన్షన్ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇంగ్లిష్ కోసమే అయితే 2022-23లోనే మా సర్కారు బడుల్లోనూ ఒకటి నుంచి 8 దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. అమ్మానాన్నలకు ఇంగ్లిష్ రాని ఇళ్ళకు ఆ తెలుగు పేజీ చాలా అవసరం.

అప్పు తెచ్చే ముందు మీ చెల్లెను రెండు మూడు సర్కారు బడులు చూసి రమ్మనండి. వాడ బడి బాగాలేకపోతే కిలోమీటరు దూరంలో ఇంకోటి బాగుండొచ్చు. పొద్దున ప్రార్థన టైముకు పోతే అన్ని బడులూ బాగానే కనబడతాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పొమ్మనండి. ఎంతమంది టీచర్లు క్లాసులో ఉన్నారో లెక్కపెట్టాలి, మూడో తరగతి పిల్లాణ్ణి పిలిచి ఏదైనా నాలుగు లైన్లు చదవమనాలి. వాడు తడబడకుండా చదివితే ఆ బడిలోనే వేయమనండి. అప్పుకు కట్టాల్సిన వడ్డీ డబ్బుతో నెలనెలా కథల పుస్తకాలు, పాలు, గుడ్లు కొనొచ్చు. ఏ బడిలోనూ చదవలేకపోతే అప్పుడు ప్రైవేటు గురించి ఆలోచించండి. ఈలోగా ఆధార్‌లోనూ బర్త్ సర్టిఫికెట్‌లోనూ బాబు పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోమనండి, తర్వాత స్కాలర్‌షిప్ దగ్గర అదే అడ్డం పడుతుంది.