ఇంటి దగ్గరే పికప్‌కు టర్బో: ముందు ఆయిలు దారి, పెట్రోలు లెక్క చూసుకోండి

మీ దగ్గర 2.4 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఉన్న పాత పికప్ ఉంది, వెల్డింగ్ వచ్చు, ఇంటి దగ్గరే టర్బో (ఇంజన్ పొగ బలంతో తిరుగుతూ లోపలికి గాలిని నొక్కి పంపే పరికరం) బిగించాలని ఉంది. ఏ టర్బో కొనాలి, ఇంజన్ మొత్తం విప్పాలా, ఆ తరువాత కూడా లోడు వేయవచ్చా అని అడిగారు. అదే పరిమాణం ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్‌తో నేను ఈ పని చేశాను. ఆరు నెలలు అనుకున్నది రెండున్నర ఏళ్లు పట్టింది. ఆ కాలమంతా టర్బోకు కాదు, దాని చుట్టూ ఉండే పైపులకూ పెట్రోలుకూ ఖర్చయింది. కాబట్టి టర్బో ఇప్పుడే కొనకండి.

ముందు ఇంజన్ ఎలా ఉందో తెలుసుకోండి. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలూ స్పార్కూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ కొలవండి. నాలుగు అంకెల మధ్య తేడా పది శాతం దాటకపోతే మంచిది. ఒకటి బాగా తగ్గితే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులనో హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. అంకెలు బాగుండి, బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) అర బార్ దాటించే ఉద్దేశం లేకపోతే ఇంజన్ విప్పకుండానే మొదలుపెట్టవచ్చు. నేను అలాగే మొదలుపెట్టాను. తరువాత విప్పవలసి వచ్చింది కానీ ఆ తప్పు ఇంజన్‌ది కాదు.

టర్బో ఎంపికకు లెక్క ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలి నింపుకుంటుంది. 2.4 లీటర్లకు 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 7200 లీటర్లు కావాలి. 85 శాతం నిండుతుందనుకుంటే సుమారు 6100 లీటర్లు, బరువులో 7 కిలోలు. అర బార్ బూస్ట్ అంటే బయటి గాలికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడి. అయితే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలి టర్బో దాటేసరికి 80 డిగ్రీలు దాటుతుంది, వేడెక్కిన గాలి పలుచబడుతుంది. అందువల్ల ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేకపోతే అదనంగా దక్కే గాలి 28 శాతం దగ్గర ఆగుతుంది. 45 డిగ్రీలకు చల్లార్చగలిగితే 43 శాతం దాకా వస్తుంది. ఈ తేడా చూశాక ఇంటర్‌కూలర్ తరువాత పెట్టుకుందామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అంటే మీకు కావలసింది నిమిషానికి 10 కిలోల గాలిని సునాయాసంగా ఇచ్చే చిన్న టర్బో. అంత గాలికి 200 పైచిలుకు అశ్వశక్తి వస్తుంది. తయారీదారు ఇచ్చే కంప్రెసర్ మ్యాప్ (గాలి పరిమాణానికీ ఒత్తిడికీ గీసిన పటం) మీద ఈ 10 కిలోలు, ఒకటిన్నర రెట్లు కలిసే చోట చుక్క పెట్టి చూడండి. ఎడమ వైపు సర్జ్ గీత దాటి పడితే గాలి వెనక్కి తన్నుతుంది. కుడి అంచున పడితే గాలిని తోయడం కన్నా వేడి చేయడమే ఎక్కువవుతుంది. పికప్‌కు 2500 ఆర్‌పీఎం దగ్గరే బూస్ట్ అందాలి. పెద్ద టర్బో అంత కింద పని మొదలుపెట్టదు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించిన ఆయిలు సంగతి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని మోసేది పలుచని ఆయిలు పొర. సన్నని పైపు ద్వారా ఒత్తిడితో లోపలికి వెళ్లిన ఆయిలు గాలితో కలిసి నురగై బయటికి వస్తుంది. ఆ నురగను వెనక్కి పంపే పంపు ఏదీ ఉండదు, తన బరువుతోనే అది ఇంజన్ అడుగున ఉన్న ఆయిల్ చాంబర్‌లోకి జారాలి. నా బండిలో ఇంజన్ మౌంటు అడ్డం రావడంతో తిరుగు పైపును చుట్టూ తిప్పి తెచ్చాను. మధ్యలో ఒకచోట పైపు కిందికి జారి మళ్లీ పైకి లేచింది. చివర చాంబర్‌లో కలిసిన చోటు కూడా ఆయిలు మట్టానికి రెండు వేళ్లు కిందుగా ఉంది.

బండి ఆగి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంటే చాలు, వెనుక నీలం పొగ. టర్బో సీళ్లు పోయాయనుకుని ఇంకో టర్బో తెచ్చి బిగించాను. పొగ తగ్గలేదు. ఆ సీళ్లు రబ్బరువి కావు, పిస్టన్ రింగులాంటి లోహపు రింగులు. వాటి వెనుక ఆయిలు నిలవ ఉంటే ఆపడం వాటి పని కాదని అప్పుడు తెలిసింది. చాంబర్ విప్పి, మట్టానికి పైన కొత్త రంధ్రం చేసి, లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లు ఉన్న పైపును ఎక్కడా పల్లం లేకుండా దింపాను. పొగ ఆ రోజే ఆగింది. మీరు చాంబర్‌ను బండి మీద ఉండగా మాత్రం డ్రిల్ చేయకండి. ఇనుప పొట్టు లోపల పడితే బేరింగులు పోతాయి. అలాగే ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీతర్ సరిగా లేక లోపల ఒత్తిడి పెరిగినా ఆయిలు ఇదే విధంగా వెనక్కి నిలుస్తుంది.

రెండో దెబ్బ పెట్రోలు వైపు నుంచి తగిలింది. మామూలుగా 14.7 భాగాల గాలికి ఒక భాగం పెట్రోలు సరిపోతుంది. బూస్ట్ కింద అది 11.5 నుంచి 12 మధ్య ఉండాలి. ఆ అదనపు పెట్రోలు సిలిండర్‌ను చల్లబరుస్తుంది. కంపెనీ అమర్చిన మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) చాలా బండ్లలో బయటి గాలి ఒత్తిడితో కలిపి ఒక బార్ వరకే చదువుతుంది, ఆపైన ఎంత బూస్ట్ వచ్చినా కంప్యూటర్‌కు తెలియదు. అందుకని రెండు బార్ల సెన్సరో మూడు బార్ల సెన్సరో, పెద్ద ఇంజెక్టర్లు, ట్యూనింగ్‌కు వీలున్న కంప్యూటర్ తప్పవు. మెగాస్క్వర్ట్, స్పీడ్యునో వంటివి సొంతంగా అమర్చుకునేవారికి అందుబాటులో ఉన్నాయి. వీటన్నిటితో పాటు, ఈ గాలి-పెట్రోలు నిష్పత్తిని మీటరు మీద చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఉండాలి. అది లేకుండా బూస్ట్ పెట్టడం కళ్లకు గంతలు కట్టుకుని బండి తోలడమే.

నేను ఇవన్నీ పెట్టి, పెట్రోలు పంపు మాత్రం పాతదే ఉంచాను. పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ బూస్ట్‌తో పాటు దాన్నీ పెంచుతుంది, 3 బార్లు 3.5 అవుతాయి. ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పెట్రోలు తగ్గుతుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర 11.8 చూపిన మీటరు 5500 దాటాక 13కు ఎక్కింది. చూసి కూడా ఆ ఒక్క పరుగు పూర్తి చేశాను. నాక్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు లేకుండా పేలే చప్పుడు) వచ్చి ఉంటుంది, ఇంజన్ హోరులో నా చెవికి వినబడలేదు. మర్నాడు బ్రీతర్ నుంచి ఆయిలు కారుతోంది. మూడో సిలిండర్ ప్లగ్గు మీద మెరిసే అల్యూమినియం చుక్కలు కనిపించాయి. విప్పితే ఆ పిస్టన్‌కు రెండు రింగుల మధ్య అంచు విరిగి ఉంది. కొన్ని సెకన్ల పనికి మూడు నెలల శ్రమ పోయింది. మీటరు 12.5 దాటిన క్షణమే కాలు తీసేయండి. పంపును ముందే మార్చండి. స్పార్క్ టైమింగ్ విషయంలో తొలి అంచనాగా ప్రతి పీఎస్‌ఐ బూస్ట్‌కు (అర బార్ అంటే సుమారు 7 పీఎస్‌ఐ) ఒక డిగ్రీ వెనక్కి తీసి, అక్కడి నుంచి జాగ్రత్తగా సరిచేసుకోండి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి వేసి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర ఉంచితే స్పార్కు ఆరిపోదు.

సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే మానిఫోల్డ్ గురించి కొంచెం. గట్టిగా లాగినప్పుడు పెట్రోలు ఇంజన్ పొగ 900 డిగ్రీలకు చేరగలదు. మొదటిసారి నేను పలుచని పైపుతో మానిఫోల్డ్ చేసి టర్బో బరువంతా దాని మీదే వేలాడదీశాను, మూడు నెలల్లో వెల్డింగ్ దగ్గర పగిలింది. రెండోసారి మందపాటి గోడ ఉన్న స్టీల్ బెండ్లు వాడి, టర్బోను ఇంజన్ దిమ్మెకే ఒక పట్టీతో బిగించాను. చాసిస్‌కు బిగించకూడదు, ఇంజన్ కదిలినప్పుడు పట్టీయే మానిఫోల్డ్‌ను విరుస్తుంది. ఫ్లాంజిని (పైపు చివర బోల్టులు బిగించే పలకను) దళసరి ఇనుప పలకకు బోల్టులతో బిగించి వెల్డ్ చేయండి, పూర్తిగా చల్లారేదాకా విప్పకండి, అప్పుడు వంకర తక్కువ వస్తుంది. బండి మీద వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు, కంప్యూటర్ ప్లగ్గు తీసేయండి. పెట్రోలు వాసన వస్తున్న చోట అసలు చేయవద్దు. బ్రేకు, క్లచ్ పైపులు టర్బోకు దగ్గరగా ఉంటే మధ్యలో రేకు అడ్డు పెట్టండి.

లోడు సంగతికి వస్తే, వేయవచ్చు, కానీ పాత లెక్కతో కాదు. కారు కొద్ది సెకన్లే బూస్ట్ వాడుతుంది. లోడుతో చడావు ఎక్కే పికప్ నిమిషాల తరబడి వాడుతుంది, ఆ వేడి ఎక్కడికీ పోదు. లోడు రోజుల్లో నేను 0.3 బార్ దాటనివ్వను. 1991లో జీఎంసీ సైక్లోన్ అనే టర్బో పికప్ వచ్చింది. 4.3 లీటర్ల వీ6తో 280 అశ్వశక్తి, శక్తి నాలుగు చక్రాలకూ వెళ్లేది. అనుమతించిన లోడు మాత్రం 500 పౌండ్లు, అంటే దాదాపు 227 కిలోలు.

వెనుక చక్రాలతో నడిచే ఖాళీ పికప్‌కు వెనుక బరువు ఉండదు. బూస్ట్ రాగానే చక్రాలు జారుతాయి, కమాను పట్టీలు మెలితిరిగి ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. అది ఆగడానికి ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య కడ్డీలు కట్టాను. ఇంకో విషయం చాలామంది గమనించరు. చాలా పికప్‌లలో వెనుక బ్రేకు ఒత్తిడిని లోడును బట్టి మార్చే వాల్వు ఉంటుంది. బండి వెనుక భాగాన్ని కిందికి దించితే లోడు ఉందని ఆ వాల్వు భ్రమపడుతుంది, ఖాళీ బండి బ్రేకు వేయగానే వెనుక చక్రాలు బిగుసుకుంటాయి. ఎత్తు మారిస్తే వాల్వును మళ్లీ సరిచేయండి. బ్రేకుల పని టర్బో కన్నా ముందే ముగించండి. మీ చోట ఇటువంటి మార్పులకు రిజిస్ట్రేషన్, కాలుష్య నిబంధనలు ఏమంటున్నాయో, బీమా వర్తిస్తుందో లేదో కూడా పైసా ఖర్చు పెట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

అన్నీ బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బోలో ఆయిలు పోసి, పెట్రోలూ స్పార్కూ ఆపి, తిరుగు పైపులో ఆయిలు కనబడేదాకా స్టార్టర్‌ను కొద్ది కొద్దిగా తిప్పండి. ఇన్‌టేక్ పైపుల్లోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపి, అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి లీకులు చూడండి. నాకు ఏడు చోట్ల బుడగలు వచ్చాయి. తరువాత వేస్ట్‌గేట్‌ను (బూస్ట్ హద్దు దాటకుండా పొగను పక్కకు వదిలే వాల్వును) అతి తక్కువ బలమున్న స్ప్రింగుతో ఉంచి, పక్కన ఇంకొకరు ల్యాప్‌టాప్ చూస్తుండగా నడపండి. ఒక్కరే చేయకండి.

నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు, టర్బో పెట్టాలనుకుంటున్న చోటి నుంచి ఆయిల్ చాంబర్ దాకా ఉన్న దారి ఫోటో ఇక్కడ పెట్టండి. తిరుగు పైపు నేరుగా దిగుతుందో లేదో చూసి చెబుతాను.