పుర్రె తెల్లబడాలంటే ముందు జిడ్డు వదలాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా ఇంటి వెనక అడవిలో వైట్‌టెయిల్ జింక పుర్రె కొమ్ములతో సహా దొరికింది. వెనక భాగంలో ఎండిన మాంసం, తోలు ఇంకా అంటుకుని ఉన్నాయి. ఒక పక్క పాకుడు పట్టి ఆకుపచ్చగా ఉంది. ఉడకబెట్టి బ్లీచ్‌లో నానేస్తే చాలని పక్కింటాయన అంటున్నారు. గోడకు పెట్టుకోవాలని ఉంది. ఎలా చేయాలి? – పెన్సిల్వేనియా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉడకబెట్టడమూ వద్దు, బ్లీచూ వద్దు. మరిగే నీళ్లలో కొవ్వు కరిగి ఎముకలోకి ఇంకా ఇంకుతుంది, పళ్లు చిట్లుతాయి, ముక్కు లోపల కాగితంలా ఉండే పల్చటి ఎముకలు ఊడిపోతాయి. బ్లీచ్ ఎముకను పట్టి ఉంచే ప్రొటీన్‌ను తినేస్తుంది. మొదట తెల్లగానే కనిపిస్తుంది. కొన్నాళ్లకు సుద్దలా మారి, గోటితో గీకితే పొడి రాలుతుంది.

పని మొదలెట్టే ముందు మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఒక ఫోన్ చేయండి. నేలమీద రాలిన కొమ్ము సంగతి వేరు, పుర్రెకు అతుక్కున్న కొమ్ముల సంగతి వేరు. రెండోదానికి చాలా రాష్ట్రాల్లో అనుమతి కావాలి. ఇంకో మాట. పెన్సిల్వేనియాలో 2012 నుంచి జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బు ఉంది. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా నిర్ధారణ కాలేదు. అయినా దానికి కారణమైన ప్రియాన్లు (వికృతమైన ప్రొటీన్లు) వేడికీ, ఎముకను తెల్లబరిచే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కీ నశించవు. కాబట్టి చేతులకు రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, వంటింటి గిన్నెలు వాడకండి, మెదడు ముక్కలు పెరట్లో పారబోయకుండా సంచిలో కట్టేయండి. ఆ సంచి ఎక్కడ వేయాలో ఫోన్ చేసినప్పుడే అడగండి.

ఇక మాంసం సంగతి. చాకుతో వచ్చినంత తీసేసి, వెన్నెముక చేరే పెద్ద రంధ్రంలోంచి వంచిన తీగతో మెదడు కదిపి నీళ్లతో కడగండి. తర్వాత మూతున్న బకెట్లో మామూలు నీళ్లు పోసి పుర్రెను మురగబెట్టాలి. నీళ్లు 30–35 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటే బ్యాక్టీరియా బాగా పనిచేస్తుంది, అందుకు అక్వేరియం హీటర్ చాలు. నాలుగైదు రోజులకోసారి సగం నీళ్లే మార్చండి. మొత్తం పారబోస్తే బ్యాక్టీరియా కూడా పోయి పని మళ్లీ మొదటికొస్తుంది. ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కంపు ఘోరంగా ఉంటుంది, దాన్ని తగ్గించే చిట్కాలేవీ నమ్మకండి, బకెట్‌ను ఇంటికి దూరంగా పెట్టడమే మార్గం.

కొమ్ములు మాత్రం నీళ్లలో మునగకూడదు. వాటి గోధుమరంగు చెట్ల బెరడు, పసరు, రక్తం వల్ల పట్టిన పైరంగు, నానితే వెలిసిపోతుంది. మొదళ్ల దాకా ప్లాస్టిక్ చుట్టి టేపు వేసి, పుర్రెను తలకిందులుగా వేలాడదీస్తున్నట్టు కాక, కొమ్ములు పైకి ఉండేలా ఆనించి, నీటిమట్టం కొమ్ము మొదలుకు కాస్త కిందే ఉండేలా చూడండి. నీళ్లకు పైన మిగిలిన ఎముకను తర్వాత తడిగుడ్డతో తుడుచుకోవచ్చు.

నీళ్లు పారబోసేటప్పుడు తప్పకుండా జల్లెడ పట్టండి. పళ్లు ఊడి అడుగున ఉంటాయి. జింకకు పై దవడలో ముందు పళ్లే ఉండవు, కాబట్టి అవి పోయాయని వెతకొద్దు. పైన పక్కకు ఆరు చొప్పున పన్నెండు, కింద ఇరవై, మొత్తం 32. ముక్కు మీది రెండు పొడవాటి ఎముకలూ, పై దవడ ముందరి కొసా విడిపోతే దాచి పెట్టండి. ఆఖరున తెల్ల జిగురుతో అతికించవచ్చు. మాంసం పోయాక జిడ్డు వదిలించడం, పాకుడు మరక తీసి తెల్లబరచడం ఎలాగో తర్వాతి జవాబులో చూడండి.

ఎండకు బీటలు వారి పొరలు లేస్తున్న పాత పుర్రె అయితే ఈ నానబెట్టడమే వద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, పూర్తిగా ఆరాక, మ్యూజియంలలో ఎముకను గట్టిపరచడానికి వాడే పారలాయిడ్ బి-72 అనే ప్లాస్టిక్ రెసిన్‌ను అసిటోన్‌లో 5 శాతం కలిపి పూయండి. అసిటోన్ ఇట్టే మంట అంటుకునేది, పని ఆరుబయటే చేయాలి.

ప్రశ్న: పుర్రెకు పెరాక్సైడ్ పెడితే బాగా తెల్లగా వచ్చింది. ఆరు నెలలకే దవడ కీలు దగ్గర, వెనక భాగంలో పసుపు మచ్చలు తేలాయి. ముట్టుకుంటే జిడ్డు. మళ్లీ పెరాక్సైడ్ పెట్టనా? – న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దు. అది రంగు సమస్య కాదు, కొవ్వు సమస్య. పెరాక్సైడ్ పైపైన తెల్లబరుస్తుంది, కొవ్వును తీయదు. ఎముక మందంగా ఉన్నచోటే కొవ్వు దాక్కుంటుంది, మెల్లగా పైకి ఊరుతుంది.

గిన్నెలు తోమే లిక్విడ్ (రంగూ సెంటూ తక్కువున్నది) నాలుగు లీటర్ల నీటికి రెండు పెద్ద చెంచాలు కలిపి, 40–45 డిగ్రీల వెచ్చదనంలో నానబెట్టండి. రెండు మూడు రోజుల్లో నీళ్లు మజ్జిగలా మారి పైన తెట్టు కడుతుంది. వారానికోసారి నీళ్లు మార్చండి. జింకకు సాధారణంగా మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి రెండు నెలలు. నీళ్లు తేటగా ఉన్నాయని మోసపోకండి. తీసి నీడలో వారం ఆరబెట్టి చూడండి. తడి ఎముకలో జిడ్డు కనపడదు, ఆరాకే నూనె పడ్డ కాగితంలా మెరిసే మచ్చలు బయటపడతాయి. ఒక్క మచ్చున్నా మళ్లీ సబ్బు నీళ్లే.

జిడ్డు పోయాక తెల్లదనం ఒకటి రెండు రోజుల పని. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 24 నుంచి 48 గంటలు, చల్లగానే. బకెట్ మూత బిగించొద్దు, గ్యాస్ పుట్టి పొంగుతుంది. సెలూన్ సామాన్లలో 40 వాల్యూమ్ పేరుతో దొరికే పెరాక్సైడ్ ద్రవం 12 శాతం ఉంటుంది, దానికి మూడు రెట్లు నీళ్లు కలపాలి. 35 శాతం జోలికి పోవద్దు, చర్మం కాలుతుంది. పాకుడు మరక పూర్తిగా పోతుంది, మట్టి మరక సగం, ఇనుము తుప్పు అసలు పోదు. పాల తెలుపు రాకపోయినా దంతపు రంగు వస్తే అక్కడ ఆపండి. ఆ పైన లాభం లేదు.

ప్రశ్న: కవ్వాల్ అడవి అంచున చుక్కల దుప్పి పుర్రె చూశాను. ఇంటికి తెచ్చుకోవచ్చా? – నిర్మల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చనిపోయి దొరికిన వన్యమృగం, దాని ఎముకా కొమ్మూ ప్రభుత్వ ఆస్తి. చేతికొస్తే 48 గంటల్లో పోలీసు స్టేషన్‌కో అటవీ అధికారికో తెలపాలి. రాలిన కొమ్మైనా ఇంట్లో దాచుకుంటే చిక్కే. అసలు ఆ దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా.

సరదా అంతా పుర్రె శుభ్రం చేయడంలోనే ఉంటే మేకతలకాయ తెచ్చుకోండి. కొట్టాయనకు ముందే చెప్పాలి, మంట మీద కాల్చొద్దని, కత్తితో చీల్చొద్దని. పని పైన చెప్పినట్టే. తేడా కొమ్ముల్లోనే. మేక కొమ్ము పైన గోరులాంటి తొడుగు, లోపల ఎముక. పది రోజులు నానితే తొడుగు మెలితిప్పగానే ఊడుతుంది, లోపల కడిగి విడిగా ఆరబెట్టి చివర్లో అతికించండి. ఊడదీయకపోతే లోపల మిగిలిన మాంసం ఏడాదైనా వాసన వేస్తుంది. మన మందుల షాపుల్లో దొరికే పెరాక్సైడ్ ఎక్కువగా 6 శాతం, సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. సీసా మీద అంకె చదివాకే కలపండి.