జూలైలో ప్రెసిడెంట్ కాబోతున్న మేనకోడలికి

నల్లగొండ,
ఆదివారం సాయంత్రం

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు సంగతి చెప్పగానే నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. పద్దెనిమిదేళ్ళుగా మాట్లాడడం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో ఉన్న మామకు మాట రాలేదని నువ్వు నవ్వుకునే ఉంటావు. జూలై 1 నుంచి మీ మహబూబ్‌నగర్ క్లబ్బుకు నువ్వు ప్రెసిడెంట్‌వి. "చాలా టెన్షన్‌గా ఉంది మామా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నావు. ఫోన్లో చెప్తే సగం చెవిన పడదు, వాట్సాప్‌లో పెడితే గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద పోతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ముందు గడియారం సంగతి. ఆరింటికి మీటింగ్ అని చెప్పాక ఆరింటికే మొదలుపెట్టు. నలుగురే ఉన్నారా, నలుగురితోనే. "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అనే మాట నీ నోట రానివ్వకు. వేళకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి రానివాళ్ళకు మర్యాద చేయడమే అది. నేను ప్రెసిడెంట్‌గా ఉన్న ఏడాది మొదటి మీటింగ్ ఐదుగురితో మొదలైంది. ఆ ఐదుగురిలో ఒకరు హాలు తాళం తీసే వాచ్‌మన్. ఆలస్యంగా వచ్చినవాళ్ళు మొహం మాడ్చుకున్నారు. రెండు నెలలు గడిచేసరికి చాలామంది దారిలో పడ్డారు. ఇద్దరు మాత్రం ఇప్పటికీ ఆరుంబావుకే వస్తారు. నిజాం నవాబు కబురు పెట్టినా వాళ్ళు ఆరుంబావుకే పోయేవాళ్ళు, వదిలెయ్.

వేళకు ముగించడం అంతకంటే ముఖ్యం. ఏడున్నరకు అయిపోతుందని చెప్పి ఎనిమిదింపావు దాకా కూర్చోబెడితే ఇంట్లో పొయ్యి మీద పనున్న ఆడవాళ్ళు మళ్ళీ రారు. జడ్చర్ల నుంచి, దేవరకద్ర నుంచి వచ్చినవాళ్ళు బస్టాండులో నిలబడి నిన్ను తిట్టుకుంటారు. ఎవరికి ఎన్ని గంటలకు బస్సుందో నీ డైరీలో రాసి పెట్టుకో. నేను రాసుకునేవాణ్ణి.

ఇక మన తెలుగు సభలకున్న పాత జబ్బు ఒకటి ఉంది. వేదిక మీదికి ఆహ్వానం, జ్యోతి ప్రజ్వలన, శాలువా, మెమెంటో, ఆ తర్వాత "వేదికనలంకరించిన పెద్దలు" అంటూ ఒక్కొక్కరి పేరూ బిరుదులతో సహా. ముప్పావుగంట దానికే పోతుంది. ఒకసారి మావాళ్ళు ఒక నాయకుడిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన గంటంబావు ఆలస్యంగా వచ్చి, నలభై నిమిషాలు మాట్లాడి, యువత సమయపాలన నేర్చుకోవాలని చెప్పి వెళ్ళిపోయారు. ఆ రోజు టైమర్‌గా ఉన్న అమ్మాయి, టైము అయిపోయిందని ఎత్తిన ఎర్ర కార్డు దించలేదు పాపం. ఆయన వెళ్తూ వెళ్తూ ఆ కార్డుకు నమస్కారం పెట్టారు, తనకు సలాం చేస్తోందనుకున్నారేమో. అతిథులు రావద్దని నేననను. వచ్చినవాళ్ళు అందరి మధ్యా కూర్చుని, చివర్లో రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. శాలువా కొనే డబ్బుతో ఒక మంచి స్టాప్‌వాచ్ కొను.

నీ గురించి నాకున్న భయం ఒక్కటే. నీకు అన్నీ చేతనవును, అందుకని అన్నీ నువ్వే చేసేస్తావు. అది వద్దు. 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనా అనే ఊళ్ళో, వైఎంసీఏ భవనం నేలమాళిగలో రాల్ఫ్ స్మెడ్లీ ఈ టోస్ట్‌మాస్టర్స్ మొదటి మీటింగ్ పెట్టినప్పుడు ఉపన్యాసాలు నేర్పడం ఒక్కటే కాదు, సభ నడపడం కూడా నేర్పాలన్నది ఆయన ఆలోచన. మైకు పట్టుకోవడం ఎలా నేర్చుకుంటారో, అజెండా నడపడం, టైము చూడడం, వోట్ ఆఫ్ థాంక్స్ చెప్పడం కూడా అలాగే నేర్చుకోవాలి. నువ్వు చక్కగా నడిపిన ప్రతి మీటింగూ ఇంకొకరు తప్పులు చేసి నేర్చుకోవలసిన మీటింగే.

ఎంత తక్కువ అనుకున్నా ఒక మీటింగుకు పదిమంది కావాలి. సభ నడిపే టోస్ట్‌మాస్టర్, ఇద్దరు స్పీకర్లు, వాళ్ళ ఉపన్యాసాల మంచిచెడ్డలు చెప్పే ఇద్దరు ఇవాల్యుయేటర్లు, అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు వేసే టేబుల్ టాపిక్స్ మాస్టర్, టైమర్, ఊతపదాలు లెక్కబెట్టే ఆ-కౌంటర్, భాష గమనించే గ్రామేరియన్, మొత్తం మీటింగ్ మంచిచెడ్డలు చెప్పే జనరల్ ఇవాల్యుయేటర్. మీ దగ్గరకు వచ్చేదే పన్నెండు మంది అన్నావు. అందులో ఒకరికి శనివారం రాత్రి జ్వరం వస్తుంది, ఒకరికి చుట్టాలు వస్తారు. గ్రూపులో "ఈ వారం ఎవరు చేస్తారు?" అని అడగకు. పదిమంది బొటనవేలు బొమ్మ పెడతారు, ఆదివారం నాడు ఒక్కరూ కనబడరు. బుధవారం నాడు ఒక్కొక్కరికీ ఫోన్ చేయించు. పేరు పెట్టి "ఈసారి టైమర్ మీరే" అని చెప్తే కాదనడం మనవాళ్ళకు చేతకాదు. ఎప్పుడు పిలిచినా మాట్లాడగలిగే పాతకాపు ఒకణ్ణి చేతిలో ఉంచుకో. మాఘమాసంలో ముహూర్తమున్న ఆదివారాల్లోనూ, బతుకమ్మ తొమ్మిది రోజుల్లోనూ మీటింగ్ పెట్టి జనం రాలేదని ఏడవకు. ఆ వారాలు ముందే చూసుకుని మార్చుకో.

కొత్తగా చేరినవాళ్ళకు మొదట టైమర్ పని ఇవ్వు. లేచి నిలబడి పేరు చెప్పి, ఇన్ని నిమిషాలకు ఈ కార్డు చూపిస్తానని చెప్పడమే వాళ్ళ మొదటి ఉపన్యాసం. మామూలు ఉపన్యాసానికి ఐదో నిమిషంలో గ్రీన్, ఆరో నిమిషంలో ఎల్లో, ఏడో నిమిషంలో రెడ్, ఆ మీద ముప్ఫై సెకన్లు. సభ్యుడిగా చేసే మొట్టమొదటి ఉపన్యాసం ఐస్ బ్రేకర్, దానికి నాలుగు నుంచి ఆరు నిమిషాలు. ఇక్కడ ఒక చిక్కుంది. మన భాషలో పచ్చ అంటే ఆకు రంగూ కావచ్చు, పసుపు రంగూ కావచ్చు. మా క్లబ్బులో ఒకాయన "పచ్చ కార్డు చూపాకనే కదా ముగించాను" అంటాడు, టైమర్ "నేను చూపింది ఆ పచ్చ కాదు, ఈ పచ్చ" అంటుంది. అర్ధగంట పంచాయితీ అయింది. అప్పటి నుంచి మేం అందరం గ్రీన్, ఎల్లో అనే అంటున్నాం, తెలుగు అభిమానులు క్షమించాలి.

ఆ-కౌంటర్ పని కూడా తెలుగులో కొంచెం తెలివిగా చేయాలి. ఇంగ్లిష్‌లో ఆ, అమ్ లెక్కబెడితే సరిపోతుంది. మనవాళ్ళు "అంటే", "మరి", "ఏందంటే", "ఇగ" అంటారు, చదువుకున్నవాళ్ళయితే "యాక్చువల్లీ", "బేసికల్లీ" అంటారు. "వాన వస్తుందంటే మా నాయన నిద్రపోడు" అన్నప్పుడు ఆ "అంటే" మాటలో భాగం. దాన్ని కూడా లెక్కవేసి ఒక పెద్దమనిషికి ఇరవై మూడు అని చెప్పిన ఆ-కౌంటర్‌ను నేను చూశాను. తప్పు మాట రాగానే గంట కొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉందట. నువ్వు మాత్రం గంట పెట్టకు. గంట మోగితే పాతవాడు నవ్వుతాడు, కొత్తవాడు అక్కడే ఆగిపోతాడు.

టేబుల్ టాపిక్స్‌కు ఒకటి నుంచి రెండు నిమిషాలే కాబట్టి ప్రశ్న చిన్నగా ఉండాలి, జవాబు మనిషి బతుకులో దొరకాలి. బడ్జెట్ మీద మీ అభిప్రాయం ఏమిటని అడిగితే తెలియనివాడు సిగ్గుపడతాడు, తెలిసినవాడు ఆగడు. మీ ఊళ్ళో పిల్లలమర్రి ఉంది. 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, గుర్తుందా? "ఆసుపత్రి మంచం మీద ఉన్న పిల్లలమర్రి తనను చూడవచ్చినవాళ్ళతో ఏమంటుంది?" అని అడుగు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా ఏదో ఒకటి అంటారు. లేకపోతే జొన్నరొట్టె గురించి అడుగు. పాలమూరులో జొన్నరొట్టె మీద రెండు నిమిషాలు మాట్లాడలేనివాడు ఉండడు. ప్రశ్న వినగానే మొదలుపెట్టొద్దని, ఒక ఊపిరి తీసుకుని తనకు జరిగిన ఒక్క సంగతి పట్టుకోమని చెప్పు.

నీ సొంత ఉపన్యాసాల గురించి నేను పెద్దగా చెప్పక్కర్లేదు. మొత్తం బట్టీ పట్టకు. మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి వస్తే నడుమ సంగతి నీ ఇంటి సంగతే కాబట్టి అదే వస్తుంది. కరెంటు పోతే ఆగకు. మైకు లేకుండా వెనక కుర్చీ దాకా వినిపించడం ఆ చీకట్లో వచ్చినంత తొందరగా ఎక్కడా రాదు.

అసలు సంగతికి వస్తాను. నీ క్లబ్బు నిలిచేదీ పడిపోయేదీ ఇవాల్యుయేషన్ దగ్గర. ఆ రెండు మూడు నిమిషాలు ఎవరి చేతిలో పెడుతున్నావో ప్రతి వారం నువ్వే చూసుకో. ఇది నేను చేసిన తప్పు వల్ల చెప్తున్నాను, మీ అత్తకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్ళ కింద మోటార్ వైండింగ్ షాపులో పనిచేసే ఒక పిల్లవాడు మా క్లబ్బుకు వచ్చేవాడు. దేవరకొండ వైపు తండా వాళ్ళది, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. మూడు నెలలు వెనక కుర్చీలో కూర్చుని, నాలుగో నెల ఐస్ బ్రేకర్ చేశాడు. బోరు ఎండిపోయి వాళ్ళ బత్తాయి తోట పోయిన సంగతి చెప్పాడు. చెట్లు కొట్టేసే రోజు వాళ్ళ నాయన ఇంట్లోంచి బయటికి రాలేదన్నాడు. ఇవాల్యుయేటర్‌ను నేను. అప్పటికి నాకు పోటీల్లో రెండు బహుమతులు వచ్చి ఉన్నాయి, తల కొంచెం తిరిగి ఉంది. లేచి పదకొండు తప్పులు చదివాను. చేతులు జేబులో పెట్టుకున్నావు, కిటికీ వైపు చూశావు, "గట్ల", "గిట్ల" అంటున్నావు, సభలో శిష్టమైన తెలుగు మాట్లాడాలి అన్నాను. కొందరు నవ్వారు. "మంచిది సార్" అన్నాడు. మళ్ళీ రాలేదు. రెండు నెలలకు షాపుకు పోయి అడిగితే హైదరాబాద్ పోయిండన్నారు.

నేను అప్పట్లో ఎక్కడ మాట్లాడినా ఒక కథ చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధినిలో సంఘ సంస్కర్త కర్వే గారి అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి, ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది, 1931లో దాని రెండో సభ బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన మన దేవరకొండలోనే జరిగింది. ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు వణికేది. ఆ దేవరకొండ వైపు నుంచి వచ్చిన పిల్లవాడు, తనది కాని భాషలో కష్టపడి నాలుగు నిమిషాలు మాట్లాడితే, గోల చేసింది నేను. ఇది నాకు తట్టడానికి ఏడాది పట్టింది. తట్టాక ఆ కథ ఎక్కడా చెప్పలేదు, ఇవాళ నీకు తప్ప.

అందుకని ఇవాల్యుయేటర్లకు ఇలా చెప్పు. ఉపన్యాసానికి ముందే స్పీకర్ పక్కన కూర్చుని "ఈసారి దేని మీద పనిచేస్తున్నావు?" అని అడగాలి. గొంతు అంటే గొంతు మీదే చూడాలి. "బాగా చెప్పారు" అనే మాట ఎవరికీ పనికిరాదు. "మీ నాయన బయటికి రాలేదన్నప్పుడు మీరు ఆగారు, హాల్లో ఫ్యాన్ చప్పుడు వినబడింది" అంటే ఆ మనిషి ఇంకోసారి అక్కడ ఆగుతాడు. మార్చుకోవలసింది ఒక్కటే చెప్పాలి, ఎలా మార్చుకోవాలో నిలబడి చేసి చూపాలి. మిగతా పది ఉంటే మీటింగ్ అయ్యాక చాయ్ తాగుతూ, అడిగితే చెప్పాలి. ట్రైనింగుల్లో పొగడ్త, సలహా, మళ్ళీ పొగడ్త అని శాండ్‌విచ్ లెక్క చెప్తారు. తప్పేం లేదు గానీ, పైన కింద రొట్టె పెట్టి మధ్యలో పదకొండు పచ్చిమిరపకాయలు పెడితే అది తిండి కాదు. యాస జోలికి ఎవరినీ పోనివ్వకు. నారాయణపేట నుంచి వచ్చినవాళ్ళ మాటలో కన్నడం వినబడుతుంది, గద్వాల వాళ్ళ మాటలో రాయలసీమ వినబడుతుంది. వినబడనివ్వు. గ్రామేరియన్ ఆ వారం విన్న మంచి మాటలు రాయాలి, అందులో ఊరి మాటలు కూడా ఉండాలి.

డబ్బు సంగతి రెండు ముక్కలు. సభ్యత్వం ఏటా అక్టోబర్ 1న, ఏప్రిల్ 1న రెన్యువల్ చేయాలి. ట్రెజరర్‌ను ఆగస్టు చివరి నుంచే వసూలు మొదలుపెట్టమను. మొహమాటపడి నీ జేబులోంచి ఎవరిదీ కట్టకు. నేను ముగ్గురిది కట్టాను, ఒకరు తిరిగిచ్చారు.

ఆగస్టులో ఒక ఆదివారం మీ మీటింగుకు వస్తాను. కల్వకుర్తి మీదుగా బస్సుంటే పొద్దున్నే బయల్దేరుతా, అమ్మకు చెప్పు. నన్ను వేదిక మీదికి పిలవకు, ఇవాల్యుయేషన్ అసలే వద్దు. టైమర్ పని ఇవ్వు. కార్డులు నేనే తెస్తాను. పోయినసారి చూశాను, మీ ఎల్లో కార్డు వెలిసిపోయి ట్యూబ్‌లైట్ కింద తెల్లగా కనిపిస్తోంది.

నీ మామయ్య