అరకు సైకిల్ యాత్రలో ఉప్మా ఎవరు చెయ్యాలి?

"మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది మందిమి విశాఖ నుంచి అరకుకి సైకిళ్ల మీద వెళ్దామనుకుంటున్నాం. ఖర్చులూ పనులూ గొడవ రాకుండా ఎలా పంచుకోవాలి?" అని అడిగారు.

ఖర్చుల సంగతి తేలికే. బయల్దేరే ముందే తలా ఇంత అని వసూలు చేసి, లెక్క రాసే ఓపికున్న ఒక్కరి చేతిలో పెట్టండి. తిండి, బస, సామాన్ల బండి, దారిలో పడే పంక్చర్లు అన్నీ అందులోంచే. మిగిలింది ఇంటికొచ్చాక పంచేసుకోండి. "తర్వాత చూసుకుందాంలే" అన్నచోట నష్టపోయేది ఎప్పుడూ మొహమాటస్తులే. ఘాట్‌లో కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్‌పేని నమ్ముకోకుండా నగదు ఉంచుకోండి. "నేను తక్కువ తింటాను, నాకు తగ్గించండి" అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. తగ్గించకండి. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి ఎక్కుడు మొదలయ్యాక చూద్దురుగాని వాడి ఆకలి.

అసలు చిక్కంతా పనుల దగ్గరే. అందరూ చీటీలు వేసి పంచుకోండని చెబుతారు. మేమూ మా అరకు యాత్రకి అలాగే వేశాం.

డిసెంబరులో వెళ్లాం. దూరం సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాకా పెద్ద కష్టమేమీ ఉండదు, ఆ తర్వాత మొదలవుతుంది ఎక్కుడు. సముద్రం పక్కన బయల్దేరిన సైకిల్ అనంతగిరి మీదుగా గాలికొండ దాటి, 900 మీటర్ల పైన ఉన్న లోయకి చేరాలి. పైగా అది ఆదివారం. ప్రతి మలుపులోనూ టూరిస్టు బస్సులు చెవుల్లోకి హారన్ కొడుతూనే ఉన్నాయి. సైకిల్ కూడా బండేనని వాళ్లకి ఎవరు చెప్పాలో!

నేనూ, పోర్టులో పనిచేసి రిటైరైన ఒక మాస్టారూ వెనకబడ్డాం. ఆయనకి అరవై దాటాయి, నాకు మోకాలు నొప్పి. మేం అరకు చేరేసరికి బాగా చీకటి పడింది, చలి కొరుకుతోంది. ముందు చేరిన కుర్రాళ్లు స్నానాలు కూడా అయిపోయి వరండాలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. సామాన్ల బండి ఎప్పుడో వచ్చింది. బొంబాయి రవ్వ, ఉల్లిపాయలు, స్టవ్వు గోడవార బుద్ధిగా పేర్చి ఉన్నాయి. స్ట్రావా యాప్‌లో తన సైకిల్ టైమింగ్ చూపించుకుంటున్న ఒకడు తలెత్తి, "వచ్చేశారా అక్కా! మీరొస్తే ఉప్మా మొదలెడదామని చూస్తున్నాం" అన్నాడు.

చీటీ ప్రకారం ఆ రాత్రి వంట నాదీ మాస్టారిదీ. కాబట్టి వాళ్ల తప్పేం లేదట. చీటీలో నా పేరు రాకపోయినా అడిగేది నన్నే అనుకోండి. గుంపులో ఒక్క ఆడమనిషి ఉంటే చాలు, ఉల్లిపాయ కనబడగానే అందరి కళ్లూ అటే తిరుగుతాయి. మా ఆఫీసు పిక్నిక్కుల్లోనూ ఇదే వరస.

నేను హెల్మెట్ కూడా తియ్యలేదు. మాస్టారిని వెంటబెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాను. ఇద్దరం వేడివేడిగా బొంగు చికెన్ తిన్నాం. డబ్బులు ఉమ్మడి సంచిలోంచి ఇచ్చాను. సంచి నా దగ్గరే ఉంది మరి.

తిరిగొచ్చాక గోల మొదలైంది. అందరి డబ్బు అడక్కుండా ఎలా ఖర్చుపెడతారని ఒకడు. నేను శాకాహారిని, చికెన్‌లో నా వాటా ఏంటని ఇంకొకడు. మాస్టారు నింపాదిగా పళ్లు కుట్టుకుంటూ, "మీరు ఉప్మా చేసుంటే మేం చికెన్‌కి ఎందుకెళ్తాం బాబూ?" అన్నారు. ఇక ఎవరూ మాట్లాడలేదు. చివరికి వాళ్లే చేసుకున్నారు. ఉండలు కట్టింది.

మర్నాడు పొద్దున్నే కొత్త రూలు పెట్టాను. ముందు చేరినవాళ్లదే వంట. ఆఖర్న వచ్చినవాళ్లకి ఆ పూట ఏ పనీ లేదు. చీటీలు పొద్దుటి పనులకే. ఉప్పు తక్కువైందని ఎవరంటే వాళ్లు గిన్నెలు కడగాలి.

ఆ రోజు చూడాలి చిత్రం. ముందురోజు వెనక్కి తిరిగి చూడనివాళ్లకి సుంకరిమెట్ట కాఫీ తోటల దగ్గర ఫొటోల మీద ఎక్కడలేని మోజు పుట్టుకొచ్చింది. మాస్టారి టైరు పంక్చరైతే నలుగురు దిగారు. వేలకు వేలు పోసి సైకిల్ కొన్నారే గాని ట్యూబు మార్చడం ఒక్కడికీ రాదు, అది వేరే సంగతి. చివరికి మాస్టారే మార్చుకున్నారు. అయినా అందరం కలిసి కదిలాం, అదే నాక్కావాల్సింది.

మీ ఎనిమిది మందిలోనూ ఇద్దరు ముగ్గురు రేసుగాళ్లు ఉండే ఉంటారు. స్టవ్వు, రవ్వ వాళ్లకి ముందే అప్పజెప్పండి. అడవిలో మాత్రం పొయ్యి వెలిగించొద్దు, వంట బస దగ్గరే. ఇంకోటి, ఉమ్మడి డబ్బులోంచి బ్రేక్ షూలు కొనిపెట్టమని ఎవరడిగినా ఒప్పుకోకండి. ఎవరివి వాళ్లు బయల్దేరకముందే మార్చుకుని రావాలి, తిరుగు దారిలో గాలికొండ నుంచి ఎస్.కోట దాకా వాటి మీదే పని.