టెక్ సందేహాలు: ‘యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి’ అన్నారా? అక్కడే ఆగిపోండి

కొన్నాళ్లుగా బేస్ గిటార్ వాయించేవాళ్ల దగ్గర్నుంచి ఒకే రకం ఫిర్యాదులు మళ్లీమళ్లీ వస్తున్నాయి. వీళ్లు వేదికలెక్కి సంపాదించేవాళ్లు కారు. పగలంతా పనో చదువో చూసుకుని, ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేసుకునేవాళ్లు. చేతిలో ఉండేవి చవక పరికరాలు, ఉచిత యాప్‌లు, స్నేహితులు పంపిన ఫైళ్లు. ఈ చివరివాటి గురించే నాకు బెంగ. వాటి సంగతి వివరంగా చెబుతాను. ముందు తేలిగ్గా తేలిపోయేవి చూద్దాం.

‘సార్, ఫోన్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వింటున్నాను. తీగ మీటాక కాసేపటికి గానీ శబ్దం రావట్లేదు. ఏ సెట్టింగ్ మార్చాలి?’

ఏ సెట్టింగూ మార్చొద్దు. ఇయర్‌బడ్స్ పక్కన పెట్టి, ఇంటర్‌ఫేస్‌కే, అంటే గిటార్‌ను ఫోన్‌కి కలిపే ఆ డబ్బాకే, వైరు హెడ్‌ఫోన్స్ తగిలించండి. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, ముక్కలుగా పంపి, అవతల పోగుచేసి విప్పి వినిపిస్తుంది. మామూలు ఇయర్‌బడ్స్‌లో ఈ తతంగానికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక పదహారో నోటు నిడివి 125 మిల్లీసెకన్లు. అంటే మీరు మీటిన నోటు ఒక నోటంత వెనకబడి వినిపిస్తోంది. వీడియోలు చూసేటప్పుడు ఈ తేడా తెలియదు, ఎందుకంటే ఫోన్ బొమ్మను కూడా అంతే ఆపి చూపిస్తుంది. మీ వేలిని ఆపడం దానివల్ల కాదు.

వైరు పెట్టాక కూడా లాగుతుంటే అప్పుడు బఫర్ సైజు, అంటే శబ్దాన్ని ఒక్కోసారి ఎన్ని శాంపిళ్లు (చిన్న ముక్కలు) పోగుచేసి పంపాలన్న లెక్క, చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ అంటే ఒక్క వైపే 21 మిల్లీసెకన్లు. 128కి దించితే మూడు మిల్లీసెకన్ల లోపే. యాంప్‌కి ఒక మీటరు దూరంలో నిలబడినా శబ్దం చెవికి చేరడానికి దాదాపు అంతే పడుతుంది కాబట్టి ఆ తేడా ఎవరికీ తెలియదు.

దీన్ని చిన్న ఇబ్బందిగా తీసుకోకండి. ఆలస్యంగా వినపడే పరికరంతో నెలల తరబడి సాధన చేసినవాళ్లు తెలియకుండానే ముందుగా మీటడం అలవాటు చేసుకుంటారు. నాకు తెలిసిన ఒక కుర్రాడు రిహార్సల్లో ప్రతిసారీ కిక్ డ్రమ్ కంటే ముందే పడేవాడు. తనకు తాళజ్ఞానమే లేదనుకుని బాధపడ్డాడు. ఇయర్‌బడ్స్ మానేసి వైరుతో వాయించడం మొదలుపెట్టాక మెల్లగా కుదురుకున్నాడు.

‘ట్యూనర్ యాప్ పై మూడు తీగలకీ బాగానే చూపిస్తోంది. లావు ‘ఈ’ (E) తీగ దగ్గరికి రాగానే ముల్లు గంతులేస్తోంది. పైగా కాంటాక్టులు, లొకేషన్ అడుగుతోంది. ఇవ్వాలా?’

‘ఈ’ (E) తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అంటే ఒక్క కంపనానికే 24 మిల్లీసెకన్లు. అయిదు తీగల బేస్‌లో బీ అయితే 31 సార్లే. శ్రుతి తేల్చాలంటే కనీసం రెండు మూడు కంపనాలైనా చూడాలి. ఫోన్ మైకులేమో మాట కోసం చేసినవి, కింది స్వరాలను సరిగ్గా పట్టవు. కాబట్టి టోన్ నాబ్ తగ్గించి, 12వ ఫ్రెట్ మీద వేలు తేలిగ్గా ఆనించి హార్మోనిక్ మీటండి. స్వరం ఒక ఆక్టేవ్ పైకి వెళ్తుంది కాబట్టి ముల్లు నిలబడుతుంది. బేస్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ ఇంకా నయం. అది చెక్క కంపనాన్ని పట్టుకుంటుంది, గదిలో గోలతో దానికి పనిలేదు.

ఇక అనుమతులు. శ్రుతి చూడటానికి మైక్ చాలు. కాంటాక్టులతో దానికేం పని? పాత ఆండ్రాయిడ్‌లో, అంటే 6 నుంచి 11 దాకా, దగ్గర్లోని బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. కొత్త ఫోన్‌లో ట్యూనర్ లొకేషన్ అడిగితే తీసేయండి. యాప్ మూసేశాక కూడా తెర పైమూల మైక్ గుర్తు కనిపిస్తుంటే, ఆండ్రాయిడ్‌లో ఆకుపచ్చ, ఐఫోన్‌లో నారింజ రంగు చుక్క, క్షణం ఆలోచించొద్దు.

తీగ ముట్టుకోకుండానే ట్యూనర్ ‘జీ’ అని చూపిస్తోందని ఇంకొకరు రాశారు. అది కరెంటు రొద. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట ఆ రొద 49 హెర్ట్జ్ దగ్గరుండే జీకి కాస్త పైన పడుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. రొద ఆగిపోతే కారణం తెలిసిపోయినట్టే.

‘స్నేహితుడు ఒక బేస్ యాంప్ ప్లగిన్ క్రాక్, దాంతోపాటు ఐఆర్ ఫైళ్ల ప్యాక్ పంపాడు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని అందులోనే రాసుంది. సౌండ్ అద్భుతంగా ఉంది. నాలుగు రోజులకు నా మెయిల్‌లో ఎవరో తిరుగుతున్నట్టు కనబడింది. ఓటీపీ కూడా రాలేదు. ఎలా సాధ్యం?’

ఈ ఉత్తరం నాకు ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. పేర్లు మారతాయి, కథ ఇదే. ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేరి యాంప్‌లా మోగే చిన్న ప్రోగ్రామ్. కొనకుండా వాడేలా దాని తాళం విరిచిన కాపీయే క్రాక్.

మీరు ఒకసారి మెయిల్‌లోకి లాగిన్ అయ్యాక, ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండటానికి ఆ సైట్ మీ బ్రౌజర్‌కి ఒక గుర్తింపు చీటీ లాంటిది ఇస్తుంది. సెషన్ కుకీ అంటే అదే. మీరు ఇన్‌స్టాల్ చేసినదాంట్లో దాక్కున్న దొంగ ప్రోగ్రామ్ ఆ చీటీలను, బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లను మూటగట్టి పంపేస్తుంది. నిమిషాల్లో పనైపోతుంది. అవతలివాడు ఆ చీటీ చూపించి లోపలికొస్తాడు. లాగిన్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఓటీపీ అడిగే ఘట్టమే రాదు.

‘క్రాక్ కాబట్టి యాంటీవైరస్ పొరబడుతుంది, పట్టించుకోవద్దు’ అన్న మాటే అసలు ఉచ్చు. ఒక్కోసారి ఆ మాట నిజమే కావచ్చు. అందుకే అందరూ నమ్ముతారు. ఏది నిజమైన పొరపాటో, ఏది నిజమైన దొంగో మీరు గానీ నేను గానీ చూసి చెప్పలేం. ప్లగిన్ చక్కగా పనిచేసింది కదా అని ధైర్యపడకండి. చక్కగా పనిచేస్తేనే మీరు దాన్ని ఇంకో నలుగురికి పంపుతారు.

ఐఆర్ ప్యాక్ సంగతి ఇంకా ఘోరం. స్పీకర్ క్యాబినెట్ ఎలా మోగుతుందో పట్టిన చిన్న రికార్డింగే ఐఆర్. అది మామూలు వేవ్ ఫైలు. ప్లగిన్‌లోకి లోడ్ చేసుకుంటాం, అంతే. దాన్ని ‘రన్’ చేయాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. అర సెకను ఐఆర్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అయితే 72 కేబీ. పాఠకులు పంపిన ఒక ఫోల్డర్ ఫొటో చూశాను. పది ఫైళ్లున్నాయి, ఒక్కదాని పేరు చివర మాత్రం ‘డాట్ వేవ్’ అని కనిపిస్తోంది. మిగతా తొమ్మిది కేబీల్లో ఉన్నాయి, అది మాత్రం 40 ఎంబీ. విండోస్ తనకు తెలిసిన ఫైల్ తోకలను మామూలుగా దాచేస్తుంది, కాబట్టి అసలు వేవ్ ఫైలైతే ఆ తోక కనబడకూడదు. ‘వ్యూ’లోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయమన్నాను. ఆ ఒక్కదాని పేరు చివర ‘డాట్ ఈఎక్స్ఈ’ బయటపడింది. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసిచ్చారంటే కూడా అనుమానించాల్సిందే. లోపల ఏముందో స్కానర్లకు కనబడకుండా చేసే ఉపాయమది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను, ఇదే వరసలో చేయండి. ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కొట్టండి. దొంగ చేతిలోని చీటీ చెల్లకుండా పోవాలంటే ఈ రెండోది చేసి తీరాలి. మెయిల్ మీకు తెలియకుండా ఇంకెవరికైనా ఫార్వర్డ్ అవుతోందేమో కూడా చూడండి. తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. ఆపైన మీ రికార్డింగులు మాత్రం బయటికి తీసుకుని, డిస్క్ మొత్తం తుడిచి సిస్టమ్ మళ్లీ వేసుకోండి. ప్లగిన్ ఒక్కటి తీసేస్తే చాలదు. స్నేహితుడిని తిట్టకండి, అతనూ మోసపోయే ఉంటాడు. వెంటనే ఫోన్ చేసి చెప్పండి, బ్యాండ్‌లో మిగతావాళ్లకీ చెప్పమనండి.

క్రాకే ఎందుకు? న్యూరల్ యాంప్ మోడలర్ ఓపెన్ సోర్స్, ఉచితం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లతోపాటే వచ్చే యాంప్‌లు, కంప్రెసర్లు సాధనకు ఎక్కువే. డబ్బు పెట్టి కొన్నవాళ్లను నెలనెలా నెట్‌కి తగిలించి నిరూపించుకోమనే కంపెనీల మీద నాకూ కోపమే. నిజాయితీగా కొన్నవాడి కంటే క్రాక్ వాడేవాడికి తక్కువ తలనొప్పి ఉండేలా తయారుచేస్తే జనం అటు పోకుండా ఎలా ఉంటారు? అయినా ఆ కోపంతో మీ మెయిల్ తాళాలు ఎవరికో ఇవ్వకండి.

‘నా ప్రాక్టీస్ యాంప్‌లో వాల్యూమ్ తప్ప అన్నీ యాప్‌లోనే ఉన్నాయి. ఫోన్ అప్‌డేట్ అయ్యాక యాప్ తెరుచుకోవట్లేదు.’

కంపెనీ యాప్‌ను సరిచేసేదాకా అప్‌డేట్ అవ్వని పాత ఫోన్ ఏదైనా ఇంట్లో ఉంటే దాంతో నడిపించండి. అంతకు మించి నేను చెప్పగలిగింది లేదు. కానీ ఈ రకం యాంప్‌ల గురించి చెప్పాల్సింది చాలా ఉంది.

బేస్, ట్రెబుల్ సర్దుకోవడానికి ఫోన్ తీసి, లాక్ తెరిచి, బ్లూటూత్ కలిసేదాకా ఆగడం ఏ వాద్యకారుడు కోరుకున్నాడు? 1983లో వచ్చిన మిడీ (వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి భాష) పరికరాలు ఇవాళ్టి కంప్యూటర్లతో మాట్లాడుతూనే ఉన్నాయి. అదే 2017లో ఐఫోన్లు, 2019లో మ్యాక్‌లు పాత తరం 32 బిట్ సాఫ్ట్‌వేర్‌ను వదిలేసినప్పుడు, అప్‌డేట్ చేసేవాళ్లు లేని యాప్‌లు, ప్లగిన్లు ఒక్క రాత్రిలో మూగబోయాయి. చెక్కపెట్టె, స్పీకరు 20 ఏళ్లు నిలుస్తాయి. యాప్‌ని అన్నేళ్లు చూసుకుంటామని రాసిచ్చిన తయారీదారుని నేనింతవరకు చూడలేదు. రిహార్సల్‌కి గంట ముందు నా మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ అప్‌డేట్ అడిగింది, ఒప్పుకున్నాను. మధ్యలో ఆగిపోయింది, రెండేళ్లుగా కూర్చుకున్న ప్రీసెట్లన్నీ పోయాయి. అప్పట్నుంచి బ్యాకప్ లేకుండా, మర్నాడు వాయించేది ఉండగా, ఏ అప్‌డేటూ చేయను.

కొనేముందు ఒక్క పరీక్ష పెట్టండి. ఫోన్ ఆఫ్ చేసి యాంప్ వాడి చూడండి. గెయిన్, ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) చేతికందకపోతే వెనక్కి పెట్టేయండి. జత కుదరడానికి యాంప్ మీద బటనేదీ నొక్కమనకుండా పక్కగది ఫోన్‌కి కూడా కలిసిపోతుంటే అదీ వద్దు. మీ హెడ్‌ఫోన్స్ చెవులకుండగా ఇంకెవరో వాల్యూమ్ పెంచగలిగే పరికరం అది.

‘యాక్టివ్ బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ వారానికే అయిపోతోంది. సర్క్యూట్ పాడైందా?’

బహుశా పాడవలేదు. చాలా యాక్టివ్ బేస్‌లలో స్విచ్ పని చేసేది జాకే. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ, మీరు వాయించకపోయినా, సర్క్యూట్ నడుస్తూనే ఉంటుంది. సాధన అయ్యాక కేబుల్‌ను బేస్ వైపు నుంచి పీకేయండి.